రెండో బ్రేకు

ఆసుపత్రి గేటు దాటి వ్యాను పెద్దరోడ్డు ఎక్కేలోపే ఆమె కుడికాలు రెండుసార్లు నేలను గట్టిగా తొక్కింది. తొక్కాక గాని తొక్కినట్టు ఆమెకు తెలియలేదు. కాలి కింద రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. ఉండదనీ తెలుసు. ఇది రోగుల్ని మోసే వ్యాను, తన డ్రైవింగు స్కూలు కారు కాదు. పక్క సీటు ముందు రెండో బ్రేకు బిగించిన ఆ కారు నెలల తరబడి ఇంటి ముందు దుమ్ము తాగుతూ పడి ఉంది. కానీ ఆ సంగతి కాలికి ఎవరు చెప్పాలి? పెళ్లయిన కొత్తల్లో మొదలుపెట్టిన పని, జుట్టు నెరిసేదాకా అదే పని, స్టీరింగు పరాయివాళ్ల చేతికిచ్చి ప్రాణాలు తన అరికాల్లో పెట్టుకుని పక్కన కూర్చోవడం. ఇప్పుడు వెనక స్ట్రెచరు మీద భర్త ఉన్నాడు, ఆయన పక్కన ఆసుపత్రి నుంచి తోడొచ్చిన నర్సమ్మ ఉంది, వాళ్లకూ తనకూ మధ్య చిన్న గాజుకిటికీ ఉంది, ఇక మేం చేసేదేం లేదు ఇంటికి తీసుకెళ్లండి అని డాక్టరమ్మ అన్న మాట ఉంది. గంట ప్రయాణం. ఆ గంటంతా తొక్కడానికి ఏమీ లేదు.

నడుపుతున్నవాడు తన శిష్యుడే. అసలు పేరు గుర్తులేదు, కుదుపు అని పెట్టుకుంది అప్పట్లో. నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆమె లోపల్లోపల ఒక పేరు పెట్టుకునేది, పైకి అనేది కాదు, సాయంత్రం అన్నాల దగ్గర మొగుణ్ణి నవ్వించడానికి దాచుకునేది. అద్దాల రాణి అని ఒకావిడ, వెనక అద్దంలో రోడ్డు తప్ప అన్నీ చూసుకునేది. సారీగారు అని ఒకాయన, గేరు మార్చినప్పుడల్లా గేరుకు క్షమాపణ చెప్పేవాడు. ఈ కుదుపు క్లచ్చు వదిలాడంటే పాము మీంచి కాలు తీసినట్టే, బండి గెంతేది, ఆమె పళ్లూ పళ్లూ కొట్టుకునేవి. పరీక్ష తప్పడం, ఏడుపు ముఖంతో మళ్లీ రావడం. ఆ మనిషే ఇవాళ నెత్తిన నిండు బిందె పెట్టుకుని నడిచినట్టు నడుపుతున్నాడు. గతుకు వచ్చిందంటే బండి ఊపిరి బిగబట్టి దిగుతోంది, ఊపిరి వదులుతూ ఎక్కుతోంది. బయల్దేరేటప్పుడు సైరను వేయమంటారా మేడమ్ అని అడిగాడు. వెనక నుంచి ఆయనే వద్దన్నాడు. "పెళ్లికి ఆలస్యమైనట్టు ఆ గోలెందుకయ్యా, మెల్లగా పోదాం."

ఆయనే ఆమెను ముందు కూర్చోమన్నది కూడా. స్ట్రెచరు ఎక్కించాక ఆమె వెనకాలే ఎక్కబోతే చెయ్యి కొంచెం లేపాడు. గొంతులో మాట కంటే గాలి ఎక్కువ. "నువ్వు ముందెక్కవే. ఇక్కడుంటే నా ముఖం చూస్తూ కూర్చుంటావు. నా ముఖంలో ఇప్పుడేం మిగిలిందని చూడ్డానికి? ముందుంటే కనీసం ఆ మనిషి తిన్నగా నడుపుతాడు." నర్సమ్మ నవ్వింది, కుదుపూ నవ్వాడు. ఆమె నవ్వలేదు గాని ముందే ఎక్కింది. ఎందుకు విందో ఆమెకే అర్థం కాలేదు, ఆయన మాట వినడం ఆ ఇంట్లో ఆనవాయితీ కాదు. కంట్రోల్ రూమ్ అని పిలిచేవాడు ఆమెను. కంట్రోల్ రూమ్ నుంచి ఆర్డరొచ్చింది పడుకోవాలట, కంట్రోల్ రూమ్ వారు సెలవిస్తే ఇంకో ముద్ద తింటా. గొడుగు తీసుకెళ్లమని చెప్పేది ఆమె, కూతురు ఏ కాలేజీలో చేరాలో చూసింది ఆమె, మందులు ఏ పూట ఏవో డబ్బాలు కట్టి పేర్చింది ఆమె. తను చెయ్యి తీస్తే ఇల్లు పోయి గోడకు గుద్దుకుంటుందని ఆమె ఎన్నడూ పైకి అనలేదు. అనుకోవడం మాత్రం రోజూ అనుకుంది.

ఆయనకేమో ఆ పట్టింపే లేదు. కళ్లజోళ్ల దుకాణం. రోజంతా ఎవరో ఒకరి ముక్కు మీద బరువైన ఇనుప ఫ్రేము పెట్టి, గాజుబిళ్లలు మారుస్తూ, ఇది బాగుందా, ఇది బాగుందా, మొదటిదా రెండోదా అని అడుగుతూ గడిపినవాడు. కొన్నాళ్లకి ఆదివారాలు ఎక్కడికో వెళ్లడం మొదలుపెట్టాడు. ఏంటా అని ఆరా తీస్తే, బట్టలుతికే దుకాణం పైన ఒక గది, మడత కుర్చీలు, ఎవరో రిటైరైన లెక్చరరు, అందరూ పెద్దాయన అంటారు, గడ్డం లేదు కాషాయం లేదు, చొక్కా జేబులో పెన్ను పెట్టుకుని కూర్చుని ఒకటే మాట తిప్పి తిప్పి చెబుతాడట. నువ్వు అని నువ్వు అనుకునేవాడు లేడు. నడిపేవాడు లేడు, నడక ఉంది. ఆలోచించేవాడు లేడు, ఆలోచన వస్తుంది, పోతుంది. మొగుడు ఇంటికొచ్చి ఆ మాట చెబితే ఆమె చేతిలో గరిటె అలాగే పట్టుకుని, అయితే రేపట్నుంచి వండేవాడు కూడా లేడు, తినేవాడు ఏం చేస్తాడో చూద్దాం అంది. ఆయన పడీపడీ నవ్వాడు. బిళ్లలు ఎన్ని మార్చినా చూసేవాణ్ణి నేనెప్పుడూ చూళ్లేదే, అన్నాడు కాసేపటికి, నవ్వకుండా. ఇన్ని వేల కళ్లలోకి దీపం వేసి చూశాను, లోపల ఎవరూ కనపళ్లేదు.

బండి పక్కకు తిరిగింది, దుకాణాల వీధి, ఒక షట్టరు సగం వేసి ఉంది, ఎవరో నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్నారు. ఇలాంటి వీధిలోనే కదా. సారీగారు నడుపుతున్నాడు ఆ రోజు, పార్కు చేసిన లారీ వెనక నుంచి సైకిలు ఒకటి రోడ్డు మీదికి దూసుకొచ్చింది, మీద స్కూలు సంచీతో చిన్న పిల్ల. ఆమె ఆ పిల్లను చూడలేదు. అదే ఇప్పటికీ అంతుపట్టనిది. బండి ఆగిపోయింది, రబ్బరు కాలిన వాసన వచ్చింది, ఆమె కాలు బ్రేకును అడుగుదాకా తొక్కి ఉంది, ఆ తర్వాతే సైకిలు కనపడింది, ఆ పిల్ల బిత్తరపోయిన ముఖం కనపడింది, ఆ తర్వాతే గుండె కొట్టుకుంది. సారీగారు వణుకుతూ, ఆపేశానండీ, సమయానికి ఆపేశాను కదండీ అంటున్నాడు. ఆయన కాలు ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది. మీరే ఆపారు, బాగా ఆపారు, అంది ఆమె. అలా అనకపోతే ఆ మనిషి జన్మలో మళ్లీ స్టీరింగు ముట్టడు. ఆ సంగతి చెబితే మొగుడి కళ్లు మెరిశాయి, ఈ ఆదివారం నువ్వూ రావాలి, ఇది పెద్దాయనకు నువ్వే చెప్పాలి అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లాడు.

మడత కుర్చీలో కూర్చుంటే కింద నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన. తను లేచి చెప్పింది, చెప్పి అడిగింది, నేను లేనంటున్నారు కదండీ, మరి ఆ బ్రేకు తొక్కిందెవరు? గదిలో నవ్వులు. పెద్దాయన నవ్వలేదు. "ఆయనేమో తానే ఆపాననుకున్నాడు. నువ్వు మీరే ఆపారని అబద్ధం చెప్పావు. లోపల మాత్రం నేనే ఆపాననుకున్నావు. అమ్మా, నీది మాత్రం నిజమని నీకెలా తెలుసు? కాలు కదిలాక కదా నువ్వొచ్చావు." ఆమెకు ఒళ్లు మండింది. మండటం కాదు, మెట్టు ఉందనుకుని అడుగేస్తే మెట్టు లేనట్టయింది. దారి పొడుగునా మొగుడితో మాట్లాడలేదు. ఇక ఆ గదికి వెళ్లలేదు. పనులు చేసుకునేవాళ్లకు ఇలాంటి కబుర్లు పనికిరావు అని తీర్మానించింది, తీర్మానించిందెవరు అని ఆయన అడుగుతాడని తెలిసి పైకి అనలేదు.

"ఏసీ ఎక్కువైతే చెప్పండి మేడమ్," అన్నాడు కుదుపు. వద్దులే అంది. గాజుకిటికీలోంచి వెనక్కి చూసింది. నర్సమ్మ వీపు, ఆయన పాదాల మీద దుప్పటి. దుప్పటి కింద ఆ పాదాలు ఎంత చిన్నవైపోయాయి. ఆ రెండో విడత లేకపోతే ఇంకా నడిచేవాడేమో. ఇదిగో, మళ్లీ అక్కడికే వచ్చింది, ఏ సందులోంచి బయల్దేరినా ఆమె మనసు ఆ గుమ్మం దగ్గరికే వచ్చి ఆగుతోంది. మొదటి విడత క్యాన్సరు మందు ఎక్కించాక ఆయన చాలన్నాడు. ఇంటికి పోదాం, ఉన్నన్నాళ్లు దుకాణంలో కూర్చుంటా, అన్నాడు. డాక్టరమ్మ ఇంకో విడత ఎక్కిస్తే కలిసి రావచ్చు, రాకపోవచ్చు అంది. ఆమెకు మొదటి సగమే వినపడింది. వారమంతా వెంటపడింది, కూతురితో చెప్పించింది, ఒకపూట అన్నం మానేసింది, ఆఖరికి ఆయన నీ ఇష్టమే అన్నాడు. ఆ రెండో విడత ఆయన్ని ఒలిచి పెట్టింది. నోట్లో పుళ్లు, గొంతు పోయింది, వేళ్ల కొసలు మొద్దుబారి కళ్లజోడు మరలు బిగించలేకపోయాడు, ఆ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటివైపు ఎవరివో అన్నట్టు చూసేవాడు. అది చేయించకపోతే బాగుండేదా అని డాక్టరమ్మను అడిగితే, ఎవరూ చెప్పలేరమ్మా అంది. ఎవరూ చెప్పలేరు. అవునంటే ఏడ్చేది, కాదంటే ఊపిరి పీల్చుకునేది. ఎవరూ చెప్పలేరన్న మాటతో ఏం చేసుకోవాలి?

మొన్న మధ్యాహ్నం చెంచాతో నీళ్లు పోస్తూ ఉండబట్టలేక అనేసింది, నావల్లే అని. ఏది, అన్నాడు. ఇదంతా, మీరు వద్దన్నారు, నేనే వినలేదు. ఆయన ఆ చెంచాడు నీళ్లు మింగి, కాసేపు ఓపిక కూడగట్టుకుని, "నువ్వు చేయించావని నువ్వనుకుంటున్నావు. నాకలా అనిపించడం లేదే. జరిగింది. వాన పడ్డట్టు జరిగింది. నీ నెత్తినెందుకు వేసుకుంటావు?" అన్నాడు. ఆ మాట ఎంత చల్లగా తాకిందో. ఎన్ని నెలల మూటో, దించుకోమని ఎవరో చెయ్యి ఆసరా ఇచ్చినట్టయింది. దించబోయింది కూడా. అంతలో లోపల్నుంచి కోపం తన్నుకొచ్చింది, ఎక్కడ దాగి ఉందో ఆ కోపం. అయితే ఇన్నేళ్లు మీకు అన్నం పెట్టింది? జ్వరమొస్తే పక్కన కూర్చుంది? మీ గొడుగు, మీ మందులు, మీ పిల్ల? అదీ వానేనా? అదీ నేను కాదా? గదిలో పక్క మంచం వాళ్లు ఇటు తిరిగారు. ఆయన పైకప్పు వంక చూస్తూ పడుకున్నాడు. ఇది పెద్దాయన్ని ఎవరూ అడగలేదే, అన్నాడు మెల్లగా. నిద్రపోయాడనుకుని ఆమె గ్లాసు సర్దుతుంటే కళ్లు తెరవకుండానే అన్నాడు.

"పోనీ, తప్పు వదిలెయ్. అన్నం ఉంచుకో."

"అలా ఎలా కుదురుతుంది? రెండూ ఒక చేతివే కదా."

"కుదరకపోతే పోనీలే," అన్నాడు, నవ్వబోయి దగ్గు తెచ్చుకున్నాడు.

కుదరదు. ఆమెకు తెలుసు. తప్పు తనది కాదంటే ఆ చెయ్యే తనది కాదు, చెయ్యి తనది కాకపోతే ఆయన నుదుటి మీద పెట్టిన ఆ చెయ్యి ఎవరిది? అందుకే మూట దించలేదు. ఎంత బరువైనా సరే, ఆ బరువులోనే తను ఉంది, ఆయనకు తను చేసిందంతా ఉంది, దాన్ని వదిలేస్తే ఖాళీ చేతులతో ఇంటికెళ్లి ఏం చెయ్యాలి?

ఊరు వెనకబడింది. రెండువైపులా చెట్లున్న రోడ్డు, పైన కొమ్మలు కలిసిపోయి పందిరిలా ఉంది, అప్పుడే సన్నగా జల్లు మొదలైంది. కుదుపు వైపర్లు వేశాడు. తడిసిన రోడ్డు నల్లగా మెరుస్తోంది, ఆకుల సందుల్లోంచి వెలుతురు ముక్కలు ముక్కలుగా అద్దం మీద పడుతోంది, పోతోంది, వైపరు ఇటు, వైపరు అటు, చినుకులు, తుడుపు, చినుకులు. రోడ్డు వస్తూనే ఉంది. ఎక్కడికీ పోతున్నట్టు లేదు, రోడ్డే తనంతట తాను బండి కిందికి వస్తోంది. తెల్లగీత, తెల్లగీత, తడి, వెలుతురు. ఒక పిట్ట అడ్డంగా ఎగిరింది. ఎగరడం. తుడుపు. చల్లదనం. చినుకు జారడం, ఇంకో చినుకులో కలవడం. అలా ఎంతసేపు గడిచిందో, చూడ్డం మాత్రం ఉంది. కాలు కూడా ఊరుకుంది. ఎవరి మొగుడూ లేడు, ఎవరి తప్పూ లేదు, వాన పడుతున్న రోడ్డు ఒకటి ఉంది, అది చాలా బాగుంది.

తర్వాత ఎక్కడో కలుక్కుమంది. ఆయన! అనుకుంది, అనుకోగానే పక్కటెముకల కింద నొప్పి లేచింది, ఆ నొప్పి వెంట తను వచ్చింది, తన పేరు, తన వయసు, తన ఇల్లు, తన మీద తన ఫిర్యాదు, అన్నీ పరుగెత్తుకుంటూ వచ్చి వాటి వాటి చోట్లలో కూర్చున్నాయి. సిగ్గేసింది. మొగుణ్ణి వెనక పెట్టుకుని వాన చూసి మురిసిన మనిషి ఎక్కడైనా ఉంటుందా? కానీ లోపల ఏదో చిన్నగొంతు, మురిసిందెవరు అంది, అప్పుడు నువ్వెక్కడున్నావు అంది. పెద్దాయన గొంతు కాదు. మొగుడి గొంతులా ఉంది. ఇంటికెళ్లాక చెప్పాలి, అనుకుంది. మీరు చెప్పేది ఇదేనా, ఒక్క నిమిషం నాకూ తెలిసింది అని చెప్పాలి. గెలిచినట్టు నవ్వుతాడు. నవ్వనీ.

చెట్లు అయిపోయాక రోడ్డు పని జరుగుతోంది. సగం రోడ్డు తవ్వేసి, మిగిలిన సగంలోంచి ఒక వైపు బళ్లను ఆపి ఇంకో వైపు బళ్లను వదులుతున్నారు. వానకోటు వేసుకున్న మనిషి కర్రకు తగిలించిన గుండ్రటి పలక పట్టుకుని నిలబడ్డాడు, ఒకవైపు ఎరుపు, ఒకవైపు ఆకుపచ్చ. ఎరుపు ఇటు తిప్పాడు. కుదుపు ఇంజను ఆపేసి, "ఐదు నిమిషాలు మేడమ్," అన్నాడు. నిశ్శబ్దంలో చినుకుల చప్పుడు పెద్దదైంది. గాజుకిటికీ మీద వేలితో తట్టిన శబ్దం. నర్సమ్మ గాజు పక్కకు జరిపింది.

"అమ్మా, ఒకసారి వెనక్కి వస్తారా?"

ఆ గొంతులో తొందర లేదు. తొందర లేకపోవడమే ఆమెకు మొత్తం చెప్పేసింది. దిగింది. తలుపు వేసిందో లేదో, బండి చుట్టూ నడిచిందో లేదో, తెలియదు, వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, ఆమె స్ట్రెచరు పక్కన ఉంది. ఆయన ముఖం కిటికీ వైపు ఒరిగి ఉంది, కళ్లజోడు పెట్టుకునే ఉన్నాడు, తీయనివ్వలేదట. ముక్కు మీద మాస్కు లోపల ఆవిరి లేదు. చెయ్యి పట్టుకుంది, ఇంకా వెచ్చగానే ఉంది.

"ఎప్పుడు?"

"చెట్ల రోడ్డు మీదమ్మా. వాన చూస్తున్నారు. బాధపడలేదు, నిజంగా చెబుతున్నా. ఒక ఊపిరి తీసుకున్నారు. తర్వాతది తీసుకోలేదు, అంతే."

"నన్నెందుకు పిలవలేదు?" గొంతు లేచింది. "ఇంత దూరంలో ఉన్నాను కదా, గాజు జరిపితే చాలు కదా!"

నర్సమ్మ తల దించుకుంది. పెద్ద వయసు మనిషి, ఇలాంటివి చాలా చూసినట్టే ఉంది, అయినా తల దించుకుంది. "పిలవొద్దన్నారమ్మా. మీరు ముందెక్కగానే చెప్పారు. ఏమన్నా అయితే బండి ఆగినప్పుడు చెప్పు, నడుస్తుండగా చెప్పకు, ఆవిడ నడుస్తున్న బండిలోంచి దిగేస్తుంది అన్నారు."

ఆమెకు నవ్వు వచ్చింది. అది నవ్వేనా, గొంతులోంచి వచ్చేది ఏదో వచ్చింది, వస్తూ వస్తూ ఏడుపైంది. చేసేవాడు లేడు, చేసేవాడు లేడని చెప్పి చెప్పి, దొంగ, ఎంత ఏర్పాటు చేసుకుని పోయావు. సీటు నువ్వే చూపించావు. సైరను నువ్వే వద్దన్నావు. కంట్రోల్ రూమ్‌ను ముందు కూర్చోబెట్టి వెనక నుంచి జారుకున్నావు. ఎప్పుడూ మీరు అనే నోటికి ఇవాళ నువ్వు వచ్చింది, దాన్ని కూడా ఆపలేదు. ఏర్పాటు చేశాడో, ఊరికే అలా జరిగిందో, చెప్పగలిగినవాడు చెప్పడు. ఇక ఎవరూ చెప్పలేరు. ఆయన వాన చూస్తున్నప్పుడు తనూ ఆ వానే చూసింది, ఆ గీతలే, ఆ వెలుతురే, తను లేకుండా చూసింది, ఆయన లేకుండా పోయాడు. మధ్యలో ఒక గాజుపలక. ఆ నిమిషం ఆయన్ని వదిలేసిన నిమిషమో, ఎన్నడూ లేనంత దగ్గరగా ఉన్న నిమిషమో, ఆమె రెంటినీ చేతుల్లో పట్టుకుని తూచబోయింది, ఆయన చెయ్యి తప్ప ఇంకేమీ పట్టుకోలేకపోయింది.

వెనక ఎవరో హారను కొట్టారు. ఇంకొకరు. వానకోటు మనిషి ఆకుపచ్చ ఇటు తిప్పి ఊపుతున్నాడు, ముందు బళ్లు కదిలిపోయాయి. కుదుపు దిగి వానలో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, తడుస్తూ. వెనక బళ్లవైపు తిరిగి రెండు చేతులూ పైకెత్తి ఆగమన్నాడు. హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. "మేడమ్," అన్నాడు, "మీరు చెప్పినప్పుడే తీస్తాను. ఎంతసేపైనా సరే."

ఆమె చెప్పలేదు. చెప్పాలని తెలుసు, తన మాట కోసం ఇంత రోడ్డు ఆగి ఉందని తెలుసు, జీవితమంతా అన్నీ తను చెబితేనే కదలాలని కోరుకుంది, ఇప్పుడు ఆ మాట నోటికి రావడం లేదు. నర్సమ్మే కొంచెంసేపటికి, పదండి బాబూ అంది. తలుపులు మూసుకున్నాయి. బండి కదలడం తెలిసింది. ఆమె ముందుకు వెళ్లలేదు, స్ట్రెచరు పక్కన నేల మీదే చతికిలబడి, దుప్పటి సరిచేసింది, దుప్పటి బాగానే ఉంది, మళ్లీ సరిచేసింది.

చేతిసంచిలో ఫోను మోగింది. కూతురు. ఇంటి దగ్గర తండ్రికి గది సిద్ధం చేస్తోంది పొద్దున్నుంచి. ఎత్తాలా వద్దా అనుకునేలోపే ఎత్తింది.

"అమ్మా, మంచం కిటికీ పక్కకి జరిపించాను, నాన్నకి వెలుతురుంటుందని. దిండ్లు రెండు చాలా, మూడు పెట్టనా? ఎక్కడిదాకా వచ్చారు?"

ఆమె ఆయన ముఖం వైపు చూసింది. చెప్పాలి, ఇప్పుడే చెప్పాలి, ఆ మాట ఎలా మొదలవుతుందో వెతుక్కుంది. పిల్ల అవతల ఎదురుచూస్తోంది, మంచం దగ్గర నిలబడి, చేతిలో దిండుతో.

"వచ్చేస్తున్నాం తల్లీ," అంది. "వచ్చేస్తున్నాం."